కూర సంగతి ముందు, పుస్తకం సంగతి తర్వాత

(2021లో, కరోనా రెండో విడత నడుస్తున్నప్పుడు వచ్చిన ఉత్తరం, దానికి సమాధానం)

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు. తిరుపతిలో ఎం.ఆర్.పల్లిలో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని, ఇప్పుడు సగం జీతానికి ఫోన్లో క్లాసులు చెప్తున్నాను. మా ఆయన లాడ్జిలో పనిచేస్తారు, కొండకు వచ్చే జనం తగ్గిపోయాక ఆయన పనీ అంతంత మాత్రమే. చిత్తూరులో నాకొక స్నేహితురాలుంది. పద్మావతి మహిళా యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. పెళ్లిళ్లయ్యాక ఎప్పుడో పండక్కి ఒక ఫోను, అంతే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మళ్లీ దగ్గరయ్యాం. రోజూ రాత్రి వంట పని అయిపోయాక నేను మేడ మీదికి పోతాను, అది వాళ్లింటి మెట్ల మీద కూర్చుంటుంది. ఆ రోజు ఏం వండామో చెప్పుకుని, తర్వాత ఏం చదివామో చెప్పుకుంటాం. వాళ్లాయన కూడా పక్కనే ఉండి స్పీకర్లో వినేవాడు. ఒకసారి నేను కేశవరెడ్డి నవల 'అతడు అడవిని జయించాడు', తప్పిపోయిన పందిని వెతికే ముసలాయన కథ, సగం వరకు చెప్పి ఆపేస్తే, మర్నాడు అది హలో అనకముందే 'పంది దొరికిందా అక్కా' అని ఆయనే అడిగాడు. ఈ ఏడాది ఏప్రిల్ చివర్లో ఆయన కరోనాతో పోయాడు.

నేను పోలేకపోయాను. ఫోన్ చేస్తే వాళ్లబ్బాయి తీశాడు. పదకొండో రోజు దాటాక, ఏం మాట్లాడాలో తెలీక, నేను చదువుతున్న కథల పుస్తకం గురించి పెద్ద మెసేజ్ పెట్టాను. 'నువ్వూ చదువు మే, మనసు కుదుటపడుతుంది' అని. చూసింది, జవాబు లేదు. మా ఆయనకు చెప్తే 'మనుషులు పోతా ఉంటే పుస్తకాలేంది, బుద్ధుండాల' అన్నారు. నిజంగానే తప్పు చేశానా? ఇక ఈ మాటలు మానేయాలా? అప్పటి నుంచి నాకూ చదువు సాగడం లేదు, చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ఇప్పుడు చదవదగ్గవి ఏమైనా ఉంటే చెప్పండి.

– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీ ఆయన అన్న మాట ముందు పక్కన పెట్టేద్దాం. లాడ్జి ఖాళీ, ఇంట్లో రాబడి తగ్గింది, బయటికి పోయి వచ్చే మనిషి కాబట్టి భయం కూడా ఆయనకే ఎక్కువ. ఆ భయంలో అన్నారు. దాని మీద ఇంట్లో ఇంకో గొడవ వద్దు.

మెసేజ్ సంగతి చెప్తాను. పుస్తకం గురించి రాయడం తప్పేమీ కాదు. కానీ ఆ మెసేజ్‌లో కూర లేదు. మీ ఉత్తరంలో మీరే రాశారు, ఏడాదిగా మీ ఇద్దరి వరస ఏమిటంటే ముందు ఏం వండారో చెప్పుకోవడం, ఆ తర్వాతే పుస్తకం. పదకొండో రోజు దాటాక మీరు పెట్టిన మెసేజ్‌లో మీ ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందో లేదు, పోయిన మనిషి ఊసు లేదు, నేరుగా కథల పుస్తకంలోకి దిగిపోయి, చివర్న మనసు కుదుటపడుతుందని డాక్టరు చీటీ రాసినట్టు రాసి ఇచ్చేశారు. ఆవిడకు ఈ మధ్య ఫోన్ నిండా అలాంటి చీటీలే వచ్చి ఉంటాయి. ధైర్యంగా ఉండు, పిల్లల మొహం చూసి ఉండు, ఈ శ్లోకం రోజూ చదువు, ఈ కషాయం పిల్లలకు తాపించు, కృష్ణపట్నం ఆనందయ్య నాటు మందు తెప్పించుకో. పంపినవాళ్లందరూ మంచివాళ్లే. కానీ ఒక్కరూ 'ఆయన ఆఖరి రోజు ఏమన్నాడు మే?' అని అడిగి ఉండరు.

మన దగ్గర ఒక ఇంట్లో మనిషి పోతే ఏం చేస్తాం? పోతాం. పోయి ఆవిడ పక్కన చాప మీద కూర్చుంటాం. ఏమీ మాట్లాడం కూడా, మాట్లాడేది ఆవిడే. ఎట్లా జ్వరం వచ్చింది, ఎవరు ముందు చూశారు, ఆసుపత్రికి ఎట్లా తీసుకుపోయారు, చివరికి ఏం తిన్నాడు. వచ్చిన ప్రతి మనిషికీ అదంతా మొదటి నుంచి చెప్తుంది. పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి, ఊరి నుంచి ఎవరైనా వస్తే వాళ్లకు మళ్లీ. పక్కనున్న పెద్దావిడ ఎవరో 'ఎన్నిసార్లు చెప్తావులే, మంచినీళ్లు తాగు' అంటుంది గానీ ఎవరూ ఆపరు. కర్మ అయ్యేసరికి ఆ కథ అంతమంది చెవుల్లో పడి ఉంటుంది కాబట్టి, మనిషి కొంచెం లేచి తిరగ్గలుగుతుంది. ఈ కరోనా చావుల్లో అది మొత్తం పోయింది. ఆసుపత్రి లోపలికి పోనివ్వలేదు, శవాన్ని సరిగ్గా చూడనివ్వలేదు, కాటికి నలుగురు, కర్మకు ఇంట్లోవాళ్లే, పక్కింటివాళ్లు కూడా గేటు బయట నుంచే. మీ స్నేహితురాలు ఆ కథ ఇంకా ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదని నా నమ్మకం. చెప్పుకోవడానికి మనిషి రాలేదు. అందుకే మీరు పోలేకపోయానని బాధపడడం ఆపి, ఫోన్లోనే పరామర్శకు పోండి. ఆలస్యమైందని ఆగొద్దు.

ఇక ఈ టైములో కథలా, పుస్తకాలా అనే ప్రశ్న. ఇది మీ ఇంట్లో మొదలైంది కాదు. 1348లో ఇటలీలోని ఫ్లోరెన్స్ ఊరు ప్లేగుతో సగానికి సగం ఖాళీ అవుతుంటే, ఏడుగురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు పల్లెటూరికి పారిపోయి రోజుకు పది చొప్పున పది రోజుల్లో వంద కథలు చెప్పుకున్నట్టు బొకాచియో 'డెకామెరాన్' రాశాడు. మొదట్లో ప్లేగు గురించి గుండె ఆగిపోయేట్టు రాస్తాడు, శవాలు, వీధులు, ఒకరినొకరు వదిలేసి పోయిన బంధువులు, అన్నీ. ఆ తర్వాత వచ్చే కథలు చూస్తే ఎక్కువ భాగం మొగుళ్లను బురిడీ కొట్టించే పెళ్లాలు, సన్యాసుల దొంగవేషాలు, నవ్వులు, సరసాలు. 2020లో ఎవర్ని అడిగినా ఫ్రెంచి రచయిత కామూ రాసిన 'ది ప్లేగ్' చదవమనేవాళ్లు. గొప్ప నవలే, కాదనను, కానీ కిటికీ బయట అంబులెన్సు శబ్దం వింటూ అదే చదవాల్సిన పనేముంది అనిపిస్తుంది నాకు.

అంత దూరం పోవడం ఎందుకు, మన తాతయ్యగుంట గంగమ్మ జాతరే చూడండి. మశూచీలు, విషజ్వరాలు ఊళ్లను తుడిచిపెట్టిన కాలంలో జనం చల్లగా చూడమని మొక్కుకున్న తల్లి ఆమె. ఆ తల్లి జాతరలో మనవాళ్లు చేసేదేమిటి? బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. మగవాళ్లు చీరలు కట్టుకుంటారు, వేషగాళ్లు ఎదురుపడిన వాళ్లను నోటికొచ్చిన బూతులు తిడతారు, తిట్లు పడితే మంచిదని జనం నిలబడి తిట్టించుకుంటారు. చావును అంత దగ్గర్నుంచి చూసిన జనమే ఆ నవ్వుల్నీ పెట్టుకున్నారు. కరోనా వల్ల 2020లో, 2021లో ఆ సందడి వీధుల్లో లేకుండా పోయింది, అది వేరే బాధ. కాబట్టి మనుషులు పోతుంటే కథలేమిటన్న మాట మీరు మనసులో పెట్టుకోకండి.

కానీ మీ స్నేహితురాలి విషయంలో ఇంకో ముడి ఉంది. మీ పుస్తకాల మాటల్లో ఆయన కూడా ఉన్నాడు. స్పీకర్లో వినేవాడు, మధ్యలో ప్రశ్నలు అడిగేవాడు. ఆమెకు ఇప్పుడు పుస్తకం అనగానే గుర్తొచ్చేది కథ కాదు, పక్క మెట్టు ఖాళీగా ఉండడం. మీరు ఎంత మంచి పుస్తకం పేరు చెప్పినా జవాబు రాకపోవడానికి అదే కారణం అయ్యుండొచ్చు. నీలం టిక్కులు పడ్డాయి, చదివింది, అదే చాలనుకోండి. కోపం ఉంటే చాలామంది చదవకుండానే వదిలేస్తారు.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి. మీ పాత టైముకు మాత్రం చేయకండి, ఆ వేళకి ఆమె ఆ మెట్ల వైపే పోకుండా తప్పించుకుంటూ ఉండొచ్చు. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండుకల్లా కరోనా కర్ఫ్యూ కదా, పన్నెండు తర్వాత ఎవరికీ ఎక్కడికీ పోయే పని లేదు, అన్నాలు తిని గిన్నెలు సర్దుకున్నాక ఒక గంట ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, అప్పుడు చేయండి. అబ్బాయి తీస్తే పెట్టేయకండి. 'అమ్మ మాట్లాడకపోయినా ఫర్వాలేదు నాయనా, ఫోన్ ఆమె పక్కన పెట్టు, నేను చెప్పుకుంటా పోతా' అనండి. చెప్పేది పెద్ద మాటలు కానక్కర్లేదు. 'ఏం మే, ఇవాళ పొద్దున ఆరింటికే పోయి మాస్కు మీద మాస్కు పెట్టుకుని నిలబడితే ఎర్రగడ్డలు దొరికినాయి, టమోటాలు అయిపోయినాయి, సంగటి చేసి శనక్కాయల ఊరిబిండి నూరినా, మా ఆయన ఉప్పెక్కువని గొణిగినాడు. ఎనిమిదో తరగతి పిల్లోడు ఒకడు క్లాసు మధ్యలో కెమెరా ఆన్‌లో ఉందని తెలీక దోసె తింటా కూర్చున్నాడు.' ఇంతే. ఆమె ఊఁ అన్నా చాలు, అనకపోయినా చాలు. రేపు మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేయండి, చెప్పినట్టే చేయండి. ఈ చేయడమే కష్టం, రెండు రోజులు చేసి మూడో రోజు క్లాసులున్నాయని ఆగిపోతాం. టైము కుదరకపోతే రోజు మార్చి రోజు అని ముందే చెప్పేయండి, దానికి కట్టుబడండి.

ఒకరోజు ఆమె మొదలుపెడుతుంది. మొదలుపెట్టాక మధ్యలో ఓదార్చకండి. 'ఊరుకో మే', 'అంతా దేవుడి రాత', 'ఇంకో ఆసుపత్రికి పోయుంటే' – ఈ మూడూ నోట్లోంచి రానివ్వకండి, మూడోదైతే అసలే వద్దు, ఆ ప్రశ్న ఆమె రాత్రంతా తనను తానే అడుక్కుంటూ ఉంటుంది. ఆక్సిజన్ సిలిండర్ కోసం ఎన్ని ఫోన్లు చేసిందో, కరోనా హెల్ప్‌లైన్ 104కు చేస్తే ఏమన్నారో, బెడ్ కోసం ఎన్ని గంటలు అంబులెన్సులోనే కూర్చున్నారో, అదంతా చెప్తుంది. చెప్పిందే మళ్లీ చెప్తుంది. వినండి.

ఆయన పేరు మీరే ఎత్తండి. జనం ఏమనుకుంటారంటే పేరెత్తితే ఏడుస్తుందని. పేరెత్తకపోయినా ఏడుస్తూనే ఉంది, మీకు కనపడదంతే. 'పంది దొరికిందా అక్కా అని అడిగినాడు మే మీ ఆయన, ఆ మాట గుర్తొస్తే నాకు నవ్వు, ఏడుపు రెండూ వస్తాయి' అని మీరు అనగలిగితే, ఆ ఒక్క మాట మీరు పంపిన మెసేజ్ మొత్తం కంటే ఎక్కువ. ఆయన గురించి ఆమెకు తెలియని ముక్కలు మీ దగ్గర కొన్ని ఉండే ఉంటాయి, ఆమె లోపలికి పోయినప్పుడు ఆయన ఫోన్లో అడిగినవీ, అన్నవీ. అవి ఆమె ఆస్తి, ఇచ్చేయండి.

పుస్తకం ఎప్పుడు? ఆమె అడిగినప్పుడు. 'నువ్వేమన్నా చదువుతుండావా' అని ఎప్పుడో ఒకరోజు అంటుంది. అప్పుడు కూడా పేరు చెప్పి చదవమని వదిలేయకండి, ఆమెకు పుస్తకం పట్టుకునే ఓపిక ఉండదు. మీరే చదివి వినిపించండి. రచయిత నామిని పుస్తకం 'పచ్చనాకు సాక్షిగా' మీ ఇంట్లో లేకపోతే ఎక్కడైనా సంపాదించండి. మన చిత్తూరు జిల్లా మాటల్లో రాసిన రాత అది, కంటితో చదివితే సగమే దక్కుతుంది, గొంతులో పడితేనే మిగతా సగం. ఆ అమ్మ తిట్లు, ఆ పల్లె, ఆ తిండి, చదువుతుంటే ఇద్దరికీ మీ అవ్వలు గుర్తొస్తారు. రోజుకు రెండు పేజీలు చాలు. ఆమె మధ్యలో ఆపి వాళ్ల ఊరి సంగతి ఏదో మొదలుపెడితే పుస్తకం మూసేయండి, ఆ ఊరి సంగతే వినండి.

'అతడు అడవిని జయించాడు' మాత్రం ఇప్పుడు మీ అంతట మీరు తీయకండి. అది నాకు చాలా ఇష్టమైన నవల. డాక్టరు కేశవరెడ్డి గారిది మన జిల్లానే, తలుపులపల్లె, జీవితమంతా నిజామాబాద్ వైపు డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ రాసుకున్న మనిషి. ఒక ముసలాయన, తప్పిపోయిన పంది, ఒక రాత్రి అడవి, ఇంతలోనే అంత రాశాడు. కానీ అది చావుతో ముఖాముఖి కూర్చోబెట్టే పుస్తకం, పైగా ఆయన సగం విన్న పుస్తకం. ఆమే 'ఆ పంది కథ మళ్లీ చెప్పవే' అంటే అది వేరే సంగతి. అప్పుడు చివరి దాకా చెప్పండి, మధ్యలో తీపి కలపకుండా.

ఆమె ఫోన్ తీయకపోతే? కొన్ని రోజులు తీయకపోవచ్చు. ఊర్లో ఎవరైనా తెలిసినవాళ్లుంటే ఆమె తింటోందా, పడుకుంటోందా కనుక్కోండి. తిండి మానేసి, ఎవరితోనూ మాటలేక, 'నేనూ పోతా' అనే మాటలు గనక అంటుంటే అది మీ ఫోన్లతో అయ్యే పని కాదు, ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పి డాక్టరుకు చూపించమనండి. పిచ్చి అంటారేమో అని దాచిపెట్టే పని మాత్రం చేయనివ్వకండి.

మీ చదువు సంగతి. పేజీ ముందుకు సాగకపోవడానికి మీలో లోపమేం లేదు. చెవి ఫోన్ మీద ఉంది, ఎవరి వార్త వస్తుందో అని. అలాంటప్పుడు కొత్త నవల పట్టుకుంటే పాత్రల పేర్లు కూడా గుర్తుండవు. ముందే చదివినవి తీయండి, ఏం జరుగుతుందో తెలిసిన కథలో భయపడేదేమీ ఉండదు కదా. నన్నడిగితే మధురాంతకం రాజారాం కథలు. దామలచెరువులో ఉండి పంతులు ఉద్యోగం చేసుకుంటూ రాసినవి, ఆ కథలకే 1993లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చిన్న ఊళ్లు, బడిపంతుళ్లు, సేద్యగాళ్లు, గొంతు పెంచకుండా మాట్లాడే మనుషులు. మీరూ టీచరే కాబట్టి ఆ బడులు మీకు తెలిసిన బడుల్లాగే ఉంటాయి. ఒక కథ ఒక పూటలో అయిపోతుంది, అయిపోయిందన్న తృప్తి ఉంటుంది, ఇప్పుడు ఆ తృప్తి కూడా తక్కువదేం కాదు. పుస్తకం చేతిలో లేకపోతే శ్రీకాకుళం కథానిలయం వాళ్ల వెబ్‌సైట్లో పాత పత్రికల కథలు బోలెడున్నాయి, కారా మాస్టారు (కథారచయిత కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన లైబ్రరీ అది. అయితే పొద్దంతా ఫోన్లో క్లాసులు చెప్పిన కళ్లతో మళ్లీ అదే ఫోన్లో చదవమని నేను చెప్పను. అచ్చు పుస్తకమే మేలు. పొద్దున లేవగానే, వాట్సాప్ తెరవకముందే చదవండి. ఒకసారి అందులో ఫోటోకు దండ వేసిన స్టేటస్ కనపడిందంటే ఆ రోజుకు చదువు లేనట్టే. గట్టిగా పైకి చదివినా సాగుతుంది, మీ ఆయన వింటే విననివ్వండి. ఆయనకూ ఊసుపోక గోడలు చూస్తూ కూర్చునే టైమే కదా ఇది.

ఇంకొకటి, పుస్తకాలకు సంబంధం లేనిది, కానీ మీరు తప్ప ఆమెకు చెప్పేవాళ్లు ఉంటారో లేదో. ఆయన బ్యాంకు పాస్‌బుక్‌లో 2020 మే, జూన్ నెలల్లో 330 రూపాయలు (అప్పటి ఏడాది ప్రీమియం) కట్ అయిందేమో చూడమని ఆ అబ్బాయికి చెప్పండి. కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా, మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి రెండు లక్షలు ఇస్తారు. అప్పటి లెక్కన 12 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రమాద బీమా, దీనికి పనికిరాదు, రెండూ కలిపేసుకోవద్దు. చాలామందికి ఖాతాలో డబ్బు కట్ అయిన సంగతే తెలీదు. డెత్ సర్టిఫికెట్ తీసుకున్నారో లేదో కనుక్కోండి. ఆసుపత్రిలో పోతే నమోదు చేయించాల్సింది ఆసుపత్రివాళ్లే, అయినా మున్సిపల్ ఆఫీసుకు పోయి నమోదైందా లేదా చూసుకోవాలి, సర్టిఫికెట్లో పేరు ఆధార్‌లో, పాస్‌బుక్‌లో ఉన్నట్టే ఉందా అని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఒకచోట, పూర్తిగా ఇంకోచోట ఉంటే తర్వాత తిరగలేక చస్తారు. బియ్యం కార్డు ఉంటే ప్రభుత్వ బీమా ఏదైనా వర్తిస్తుందా అని సచివాలయంలో అడగమనండి. ఈ కర్ఫ్యూ ఉన్నన్ని రోజులు బ్యాంకు పనులన్నీ పొద్దున పూటే చేసుకోవాలి, అబ్బాయిని ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులు కూడా రెండు సెట్లు పట్టుకుపొమ్మనండి.